సూరమ్మకి పడని గింజలు

పప్పు తినకూడని పిల్ల ఒకతి ఉంటుందంటే మా వైపు ఎవరూ నమ్మరు. అన్నప్రాశన అయిన మర్నాటి నుంచీ పప్పుకట్టు పోసి మెత్తగా పిసికి పెట్టే ఊళ్ళు మావి. అటువంటి చోట, వేదం చెప్పుకునే ఇంట్లో, నా కూతురు సూరమ్మ పప్పు ముట్టకుండా ఏడాది పైన గడిపింది. ఇప్పుడు దానికి తొమ్మిదో ఏడు. నిన్న కొబ్బరితోటలో పరుగులు పెట్టి మోకాలు గీరుకుని వచ్చింది. కూర్చోబెట్టి పసుపు అద్దుతూంటే, ఇదంతా ఎక్కడైనా రాసి పెట్టాలని తోచింది. మా నాన్నగారి పుణ్యమా అని నాకు నాలుగక్షరాలు వచ్చు. ఈమధ్య మా చెల్లెలు కబురు చేసింది, దాని తోడికోడలి కొడుక్కి ఏదో తింటే మూతి వాచిందిట. ఆ తల్లి కోసమూ, ఆమెలాంటి వాళ్ళ కోసమూ రాస్తున్నాను. నా మనసు కుదుటపడడానికి కూడాను.

మాఘమాసం

మాది రాజోలు దగ్గర, వైనతేయ గోదావరి ఒడ్డున చిన్న అగ్రహారం. గోదావరికి ఆనకట్ట కట్టి, కాలవల్లో కొత్తగా నీళ్ళు పారుతున్న రోజులవి. పడవల రాకపోకలు ఎక్కువయ్యేయి. మా మామగారు పోయేరు. మా వారు పిల్లలకి వేదం చెప్పేవారు. మా మరిది వెంకన్నకి మాత్రం చదువు ఒంటబట్టలేదు, కొబ్బరికాయల బేరం మీద రేవులన్నీ తిరిగేవాడు. అన్నదమ్ములిద్దరికీ మా సూరమ్మ ఒక్కతే పిల్ల. అప్పటికి దానికి మూడో ఏడు నడుస్తోంది.

ఒకరోజు వెంకన్న రేవు నుంచి వస్తూ చిన్న మూట తెచ్చేడు.

"వదినగారూ, ఇవి వేరుసెనగలుట. దక్షిణాది నుంచి వచ్చిన ఓడవాళ్ళు ఇచ్చేరు. నేల్లో, వేళ్ళకి కాస్తాయిట. వేయించుకుంటే బాదంపప్పుల్లా ఉంటాయన్నారు" అన్నాడు.

నేనే వేయించేను. ఇల్లంతా కమ్మటి వాసన. మా అత్తగారు రెండు నోట్లో వేసుకుని బాగున్నాయన్నారు. వెంకన్న ఒక గింజ నలిపి, అరుగు మీద ఆడుకుంటున్న సూరమ్మ నోట్లో పెట్టేడు. అది చప్పరించి ఇంకోటి కావాలని చెయ్యి చాపింది.

రెండో గింజ మింగిందో లేదో, మూతి గోక్కోవడం మొదలెట్టింది. పెదవులు చూస్తూండగానే ఉబ్బేయి. కళ్ళు పూడిపోయేయి. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ లేచేయి. అంతవరకూ ఏ కందిరీగో కుట్టిందనుకున్నాను. ఇంతలో గొంతులోంచి పిల్లికూతలు మొదలయ్యేయి. ఊపిరి తీస్తూంటే పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. పిల్ల ఏడవడం మానేసి నా మొహంలోకి చూసింది. 

మా వారు పాఠం మధ్యలో లేచి వచ్చేరు. పిల్లని భుజాన వేసుకుని రేవుకి పరుగెత్తేరు. మడిబట్టతోనే నేనూ వెనకాల పరుగెత్తేను. మంచి వైద్యులు ఉన్నది అవతలి ఒడ్డున, అమలాపురం వెళ్ళే దారిలో. పడవవాడు మనుషులు నిండితే గాని కదలడు. ఆవేళ మమ్మల్ని చూసి, ఎక్కి కూర్చున్న వాళ్ళతో, "మీరు కాస్త దిగండి బాబూ, బరువు తగ్గితే తొందరగా పోతాది" అన్నాడు. అందరూ మోకాలి లోతు నీళ్ళలోకి దిగేరు. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు వాళ్ళని తలుచుకుంటాను.

నడి ఏట్లో సూరమ్మ భళ్ళున కక్కింది. మళ్ళీ కక్కింది. ఆ తరవాత పిల్లికూతలు కొంచెం తగ్గేయి. అవతలి ఒడ్డు చేరేసరికి తోటకూర కాడలా నా చేతుల మీద వాలిపోయి, ఊపిరి మాత్రం తీస్తోంది. వైద్యులుగారు నాడి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"గండం గడిచిందమ్మా. ఈ పిల్ల ఒంటికి ఆ గింజ విషం. మళ్ళీ తగిలితే ఇంత సుళువుగా వదలదు. ఇంట్లో ఒక్క పలుకు కూడా ఉండకూడదు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి వెంకన్న ఆ మూట ఏట్లో పారేసి, గింజలు వేయించిన మంగలం కూడా పగలగొట్టి, పెరటి గుమ్మంలో తల వంచుకు కూర్చున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి కష్టమయిందని తరవాత తెలిసింది. చాలా రోజులు పిల్లని ఎత్తుకోలేదు.

చైత్రమాసం

ఇక భయం లేదనుకున్నాం. ఆ గింజ మా ఊళ్ళో దొరికేది కాదు, ఓడ వస్తే గాని రాదు. పిల్ల మునపటిలాగే కందిపప్పూ పెసరకట్టూ తింటోంది.

ఒకరోజు మా అత్తగారు ఉలవచారు కాచేరు. సూరమ్మకి అదే మొదటిసారి. నాలుగు ముద్దలు తినగానే మళ్ళీ మూతి వాచింది, ఒళ్ళంతా దద్దుర్లు. ఊపిరికి ఇబ్బంది రాలేదు గాని, మా ప్రాణాలు పోయేయి. పడవ ఎక్కబోతే వైద్యులుగారు కాశీయాత్రకి వెళ్ళేరని రేవులోనే చెప్పేరు. ఎప్పుడొస్తారో తెలియదు. సాయంత్రానికి దద్దుర్లు వాటంతట అవే అణిగేయి.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అన్నారు:

"అమ్మాయ్, అది వేరుసెనగ. ఇది ఉలవ. రెండూ పప్పుజాతే. రేపు కంది అంటుంది, ఎల్లుండి మినుము అంటుంది. ఇవాళ్టి నుంచి పిల్లకి ఏ పప్పూ వద్దు."

"మొన్నటిదాకా కందిపప్పు తింది కదండీ, ఏమీ కాలేదు" అన్నాను.

"మొన్నటిదాకా ఉలవచారూ మన ఇంట్లో కాచుకునేవాళ్ళమే. పిల్ల పోయాక లెక్కలు చెప్పుకుందామా?"

ఊరి పెద్దలూ అదే మాటన్నారు. దాంతో పప్పూ, చారూ, పులుసూ, గారె, అట్టు, పప్పు తగిలిన పోపు కూడా పిల్లకి నిషేధం అయిపోయింది.

ఆవిడ కఠినురాలని ఎవరూ అనుకోకండి. ఆరోజు నుంచీ మా అత్తగారు కూడా పప్పు మానేసేరు. విస్తట్లో వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "అది తిన్ననాడు నేనూ తింటాను" అన్నారు. తద్దినం నాడు కూడా దేవుడికి దణ్ణం పెట్టుకుని గారె పక్కన పెట్టేసేవారు.

ఆ ఏడాది

ఆ ఏడాది గురించి రాయడం కష్టంగా ఉంది. నెయ్యన్నం, మజ్జిగన్నం, పోపు లేని కూర, పెట్టిందే పెట్టి, పిల్లకి అన్నం అంటేనే మొహం మొత్తింది. చేతులు చీపురుపుల్లలయ్యేయి. పక్కింటి పిల్లలతో ఆడి రెండడుగులు పరుగెత్తితే కూర్చుండిపోయేది. ఎవరింట పేరంటమైనా నేను వెళ్ళడం మానేసేను. వెళ్ళినా ఎవరు ఏం పెడతారోనని దాని చెయ్యి వదిలేదాన్ని కాదు. ప్రేమతో బెల్లంముక్క ఇచ్చినా లాక్కునేదాన్ని. జనం నాకు పొగరనుకున్నారు.

ఇంట్లో విందు జరిగితే దానికి వెనకగదిలో విడిగా పెట్టేవాళ్ళం. ఒకసారి తలుపు సందులోంచి భోజనాల బంతి వంక చూస్తూ అడిగింది:

"అమ్మా, నేను మైలా?"

"కాదమ్మా."

"మరి వాళ్ళతో ఎందుకు కూర్చోకూడదు?"

ఆరోజు మా వారికీ నాకూ మాట పెరిగింది. "నువ్వు భయపడి దాన్నీ భయపెడుతున్నావు" అన్నారాయన. "మీకేమండీ, అరుగు మీద కూర్చుని వేదపనసలు చెప్పుకుంటారు. ముద్ద పెట్టే చెయ్యి నాది" అన్నాను. అంత మాట ఆయన్ని నేనెన్నడూ అనలేదు. ఆయన లేచి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి, సూరమ్మ పక్కనే వెనకగదిలో పీట వేసుకు కూర్చున్నారు. తన విస్తట్లోనూ మజ్జిగన్నమే పెట్టమన్నారు. అప్పటి నుంచి బంతి వేసినప్పుడల్లా తండ్రీకూతుళ్ళు వెనకగదిలోనే తినేవారు. ఆయన ఏదో శ్లోకం చెప్పేవారు, అది ముద్ద మింగి అప్పజెప్పేది. అలా నాలుగు ముద్దలు ఎక్కువ పోయేవి.

కాని నాకు ఒక ఆలోచన వదల్లేదు. వేరుసెనగ తినకముందూ, తిన్నాకా కూడా పిల్ల కందిపప్పు తింది. పెసరకట్టు తాగింది. ఒక్క మచ్చ లేచిందా? లేవలేదు. మరి ఎందుకు మానిపించేం? భయం చేత. ఆ భయం నాదీ, మా అత్తగారిదీ. ఆ భయానికి పిల్ల ఎందుకు ఎండిపోవాలి?

వైశాఖమాసం

మరుసటేడు వైశాఖంలో వైద్యులుగారు యాత్ర ముగించుకుని వచ్చేరని వెంకన్న పరుగున వచ్చి చెప్పేడు. వెళ్దామని మా వారితో అంటూంటే లోపల్నుంచి మా అత్తగారి గొంతు వినపడింది.

"నేనూ వస్తాను. నేను లేకుండా ఆ పిల్ల నోట్లో ఎవరూ ఏమీ పెట్టడానికి వీల్లేదు."

వైద్యులుగారి అరుగు మీద ఎప్పుడూ జనమే. అమలాపురం వాళ్ళు, కొత్తపేట నుంచి బళ్ళ మీద వచ్చినవాళ్ళు, పడవల మనుషులు. మా వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. ఆయన అంతా విని, పిల్ల కనురెప్ప కిందకి లాగి చూసేరు.

"ఉలవలు తినకముందు కంది తిన్నదా అమ్మా?"

"తిన్నదండీ. పెసరా తిన్నది. మినపసున్నీ కూడా తిన్నది."

"మరి ఎవరు మానిపించేరు?"

మా అత్తగారే, "నేనండీ. చెప్పడానికి మీరు ఊళ్ళో లేరు" అన్నారు.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "భయంలో అదే సబబు. ఇప్పుడు భయంతో పనిలేదు. ఒంటికి ఒకటి సరిపడకపోతే దాని చుట్టాలన్నీ సరిపడకూడదని లేదు. ఏవి పడతాయో ఒక్కొక్కటే తెలుసుకుందాం. ఇంటి దగ్గర మాత్రం చెయ్యకండి. ఇక్కడ, నా కళ్ళ ముందు జరగాలి. ఆ వేరుసెనగ జోలికి మాత్రం పోము" అన్నారు.

వాళ్ళ పెరటి వసారాలో మాకు చోటిచ్చేరు. మా వారు పాఠాలు చూసుకుని వస్తూ పోతూ ఉండేవారు. పద్ధతి ఇదీ. ఒక పప్పు ఉడకబెట్టి, ఆ నీళ్ళ చుక్క పెదవికి రాయడం. పెదవి ఊరుకుంటే మర్నాడు నాలిక మీద చుక్క. ఆ మర్నాడు ఒక్క బద్ద. తరవాత వేలెడు ముద్ద. ప్రతిసారీ అరుగు మీద కూర్చుని కనిపెట్టుకోవడమే. సూరమ్మ గవ్వలాడుకునేది. మా అత్తగారు దాని పెదవుల మీంచి చూపు తిప్పేవారు కాదు. నాకు ప్రతి దగ్గూ పిల్లికూతలాగే వినపడేది.

ముందు పెసర. ఏమీ కాలేదు. ఆ పచ్చటి ముద్ద మింగి, "అమ్మా, ఇది నాకు గుర్తుంది" అంది. మా అత్తగారు కొంగుతో మొహం కప్పుకున్నారు. తరవాత కంది. ఏమీ కాలేదు.

మూడోది సెనగ. దానికే మేము ఎక్కువ భయపడ్డాం. పేరులోనే సెనగ ఉంది కదా అని మా అత్తగారికి బెంగ. పెదవి దాటింది, నాలిక దాటింది. ముద్ద పెట్టిన రోజు మధ్యాహ్నం, మెడ మీద ఎర్రటి పొక్కులు కనపడ్డాయి.

"చాలు. ఇంక పదండి ఇంటికి" అని మా అత్తగారు బట్టలు మూట కట్టేసేరు. వైద్యులుగారు పక్కూరు వెళ్ళేరు. ఆయన వచ్చేదాకా ఆగమని నేను. పిల్లని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే, చెయ్యి విరిగిన మొగుణ్ణి తీసుకొచ్చిన పల్లెకారుల ఆవిడ వాకిట్లోంచి పలకరించింది.

"పాపకేటయిందమ్మగారూ?"

చెప్పేను. విని, "మా ఆడపడుచుకీ అంతేనండి. పీత తింటే మూతి వాచిపోతాది. చేపలు మాత్రం మా అందరి కన్నా అదే ఎక్కువ తింటాది. చేపల ఏటకెళ్ళేవోళ్ళం, అన్నీ మానేమంటే ఎలా బతుకుతాదండి? బెంగెట్టుకోకండి, ఆయనొచ్చి చూస్తారు" అంది. తాటాకు విసనకర్ర అరుగు అంచున పెట్టి, "పాపకి ఉక్కగా ఉన్నట్టుంది" అని వెళ్ళిపోయింది.

విసురుతూ కూర్చున్నాను. సాయంత్రం వైద్యులుగారు వచ్చి, పిల్ల మెడ వెలుతురుకి తిప్పి చూసి, వేలితో తడిమేరు.

"చెమటకాయలమ్మా ఇవి. మీ మెడ మీదా ఉన్నాయి చూసుకోండి" అన్నారు.

నా మెడ తడుముకున్నాను. నిజమే. మా అత్తగారు ఆయన వంకా నా వంకా చూసి, మూట విప్పేసి బట్టలు మళ్ళీ దండెం మీద వేసేరు. నాలుగు రోజులాగి సెనగ మళ్ళీ పెట్టేరు. ఏమీ కాలేదు. మినుము దాటింది. బొబ్బర్లూ దాటేయి. చివర్న ఉలవ నీళ్ళ చుక్క పెదవికి తగిలిన కాసేపటికి అక్కడ చిన్న ఉబ్బు లేచింది. వెంటనే కడిగేసేరు. పొద్దు వాలేలోగా తగ్గిపోయింది.

"వేరుసెనగ, ఉలవ. ఈ రెండే మీ శత్రువులు. మిగతావన్నీ మీ వంటింట్లో వాళ్ళే. ధైర్యంగా పెట్టండి" అన్నారు వైద్యులుగారు.

వాళ్ళ అరుగు దిగి వస్తూంటే నా నెత్తి మీంచి బండరాయి దింపినట్టయింది. ఏడాదిగా దీన్ని మోస్తున్నానని దింపాకే తెలిసింది.

జ్యేష్ఠమాసం

ఇంటికి చేరిన వారంలోనే మా అత్తగారు ఊరందరినీ భోజనానికి పిలిచేరు. కందిపప్పు, మజ్జిగపులుసు, గారెలు, సెనగపప్పు పూర్ణంతో బొబ్బట్లు. తెల్లవారకముందే లేచి ఆవిడే మినప్పప్పు రుబ్బేరు. నన్ను పొత్రం ముట్టుకోనివ్వలేదు. బంతి మధ్యలో, తండ్రి పక్కన, సూరమ్మకి విస్తరి వేసేరు. వెంకన్న వడ్డన. పప్పు గరిటె పట్టుకుని దాని ముందుకొచ్చి ఆగిపోయేడు.

"వెయ్యి బాబాయ్, నాకు పడుతుంది" అంది సూరమ్మ.

వేసేడు. నెయ్యి నేను వేసేను. అది కలుపుకుని మొదటి ముద్ద తింది, రెండోది తింది. తరవాత తలెత్తి, "బాబాయ్, ఇంకా" అంది. ఆయ్ ఆయ్ అంటూ వెంకన్న రెండు గరిటెలు గుమ్మరించేడు. ఆ మధ్యాహ్నమే దాన్ని భుజాల మీద ఎక్కించుకుని తోటంతా తిప్పేడు.

ఆడవాళ్ళ బంతిలో మా అత్తగారికి నేను పప్పు వడ్డించేను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టలేదు. తిని, "ఉప్పు తక్కువైంది అమ్మాయ్" అన్నారు. అంత మంచి మాట ఆవిడ నోట నేను ముందెప్పుడూ వినలేదు.

ఈ ఏడు

ఆ తరవాత నాలుగు నెలలకే పిల్లకి బుగ్గలు వచ్చేయి. ఉలవలు మా ఇంట్లో ఎడ్లకి మాత్రమే, అదీ చావిట్లోనే. దానికి మాటలు నేర్పినంత శ్రద్ధగా ఆ రెండు గింజల పేర్లూ, రూపూ, వాసనా నేర్పేం. ఎవరింట్లో ఏం పెట్టినా, ఇందులో ఏం వేసేరండీ అని అడగడం నేర్పేం. అడగడం అమర్యాద కాదని వాళ్ళ నాన్నగారు దానికి పదేపదే చెప్పేరు.

ఈమధ్య కొత్తపేటలో మా బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళేం. ఇప్పుడు వేరుసెనగలు మా వైపు కూడా అక్కడక్కడా వస్తున్నాయి. బెల్లంపాకంలో కలిపి చేసిన ఉండలు పెళ్ళివారింటి ఆవిడ ఒకతె పిల్లలందరికీ పంచుతోంది. నేను విడిదింటి అవతల చీర ఆరేస్తున్నాను. మధ్యలో జనం. నా కూతురి చేతి దాకా ఆ ఉండ రావడం చూసేను. చేతిలో తడిచీర అలాగే పట్టుకుని రెండడుగులు వేసేను. పరుగెత్తుకెళ్ళినా అందే దూరం కాదు.

సూరమ్మ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నాకు వద్దు పిన్నిగారూ. వేరుసెనగ నాకు పడదండి."

"ఒక్కటి తింటే ఏమవుతుందే?" అందావిడ నవ్వుతూ.

"ఏమవుతుందో మా అమ్మ ఒకసారి చూసిందండి. మళ్ళీ చూపించను" అంది నా కూతురు. అని, ఆవిడ చిన్నబుచ్చుకుందేమోనని కాబోలు, "గారెలుంటే పెట్టండి. ఎన్నయినా తింటాను" అంది.

ఆవిడ లోపలికి వెళ్ళి గారెలు తెచ్చి దాని ముందు పెట్టింది. తడిచీర భుజాన వేసుకుని, అది తినడం అయ్యేదాకా అక్కడే నిలబడి చూసేను.